నిలబెట్టిన కారు నిద్రపోదు

ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో కారు ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. కానీ ఆ కార్లలో చాలావాటికి రోజూ పని ఉండదు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే కొడుకు అమ్మానాన్నల అవసరానికని కొనిచ్చిన కారు ఒకటి. అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు తిరగడానికి ఉంటుందని అమ్మకుండా పెట్టుకున్నది ఇంకొకటి. పెళ్లికో తిరుమలకో తప్ప బయటికి తీయనిది మరొకటి. కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాక ఆ బండి రేకుల షెడ్డు కిందికో, చింతచెట్టు నీడకో చేరుతుంది. పైన గుడ్డ కవరు కప్పేస్తారు. నెల తిరిగాక ఏ వినాయక చవితికో బయల్దేరదామని తాళం తిప్పితే టక్ టక్ టక్ అని తప్ప ఇంకో చప్పుడు రాదు. పండగనాడు అయితే బస్సెక్కి పోవచ్చు. అర్ధరాత్రి ఛాతీనొప్పి వచ్చిన మనిషిని చిత్తూరుకు తీసుకుపోవాల్సి వచ్చినప్పుడు ఆ చప్పుడు వింటే గుండె జారిపోతుంది. అత్యవసరానికని ఉంచుకున్న బండి సరిగ్గా ఆ అవసరంలోనే మొరాయించడం వెనక ఉన్న కారణాలు తెలుసుకోదగ్గవి. వాటిని తప్పించడం పెద్ద కష్టం కూడా కాదు.

"మొన్న దాకా బాగనే ఉండిందినా, ఈ పొద్దు సెల్ఫ్ ఎత్తుకోలే" అని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. బండి తిప్పనేలేదు, హెడ్‌లైటు వేయలేదు, పాటలు పెట్టలేదు, మరి బ్యాటరీ ఎట్లా అయిపోతుంది? చాలా సరైన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పకుండా "బ్యాటరీ వీక్ అయింది, కొత్తది వేసుకో" అనేస్తే, కొత్త బ్యాటరీ కూడా ఏడాది తిరక్కుండానే అదే దారి పడుతుంది.

తాళం తీసి, తలుపులు లాక్ చేసి వెళ్లిపోయాక కూడా కారులో కొన్ని భాగాలు పనిచేస్తూనే ఉంటాయి. గడియారం నడుస్తుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ తను నేర్చుకున్న లెక్కల్ని జ్ఞాపకం పెట్టుకోవాలి. దొంగతాళాన్ని పట్టుకునే ఇమ్మొబిలైజర్, సెంట్రల్ లాక్ రిసీవర్, అలారం, మ్యూజిక్ సిస్టంలో దాచుకున్న స్టేషన్లు, వీటన్నిటికీ కాస్త కాస్త కరెంటు కావాలి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో తాళం దగ్గరికి వచ్చిందా లేదా అని రిసీవర్ ఎప్పుడూ వెతుకుతూనే ఉంటుంది. ఆ తాళాన్ని కారు పక్క గోడకే కొక్కేనికి తగిలిస్తే కొన్ని బండ్లలో ఆ వెతుకులాట ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కారులో ఇవన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతాయి. ఒక చిన్న ఎల్ఈడీ బల్బు తాగేంత కరెంటు ఇది. చూడ్డానికి లెక్కలోకి రానిదే.

కానీ గంటలతో గుణిస్తే లెక్క మారిపోతుంది. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.03 ఆంపియర్లు, 24 గంటలు లాగితే రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు ఖర్చు. 24 రోజులకు బ్యాటరీలో సగం ఖాళీ. ఇప్పుడు బండిని స్టార్ట్ చేయడానికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఇంజిన్ అందుకోవడానికి 2 సెకన్లు. లెక్కేస్తే అది 0.083 ఆంపియర్ అవర్లు మాత్రమే. అంటే బండి ఒక్కరోజు ఊరికే నిలబడితే అయ్యే ఖర్చుతో ఎనిమిదిసార్లు స్టార్ట్ చేయొచ్చు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. బ్యాటరీని తినేసేది సెల్ఫ్ మోటారు అనుకుంటాం. నిజంగా తినేసేది నిలబడి ఉండటమే.

ఇది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు సంగతి. మనం తర్వాత పెట్టించుకున్న సరంజామా వేరు. డ్యాష్ కెమెరాను పార్కింగ్‌లో కూడా రికార్డు చేసేట్టు పెట్టుకుంటే అది రెండు మూడు రోజుల్లోనే బ్యాటరీని నేలకు దించగలదు. జీపీఎస్ ట్రాకర్ పగలూ రాత్రీ టవరును పలకరిస్తూనే ఉంటుంది. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన టాక్సీల వంటి ప్రజా రవాణా వాహనాలకు లొకేషన్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేశారు. తిరుపతి, కాణిపాకం మధ్య యాత్రికుల్ని తిప్పే టాక్సీ రోజూ తిరుగుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. అదే టాక్సీ నెల రోజులు గిరాకీ లేక ఇంటి ముందు నిలబడితే ఆ పరికరమే బ్యాటరీకి బరువు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు మ్యూజిక్ సిస్టం వైరింగులో ఉంటుంది. కొత్త స్టీరియోకు రెండు పాజిటివ్ వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, జ్ఞాపకశక్తి కోసం. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. తొందరలో రెండూ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకే ముడేస్తే, తెర ఆరిపోయినట్టు కనబడినా లోపల స్టీరియో మేలుకునే ఉంటుంది. డిక్కీలో ఆరని బల్బు, సరిగ్గా పడని గ్లోవ్ బాక్సు మూత కూడా ఇంతే. 5 వాట్ల బల్బు ఒకటి వెలుగుతూ ఉంటే రోజుకు 10 ఆంపియర్ అవర్లు పోతాయి. నాలుగో రోజుకు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఏమీ మిగలదు.

ఖాళీ కావడం ఒక సమస్య. ఖాళీగా పడి ఉండటం అంతకన్నా పెద్ద సమస్య. దానికి బ్యాటరీ లోపలికి వెళ్లాలి.

ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకుల్ని గంధకామ్లంలో ముంచి తిరిగి చార్జింగ్ చేసుకోగల మొదటి బ్యాటరీని చేశాడు. 1881లో కమీ ఫోర్ సీసపు ఆక్సైడ్ ముద్దను రేకులకు పూసి దాని సామర్థ్యాన్ని బాగా పెంచాడు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే బాధ తప్పి, ప్రతి కారుకూ బ్యాటరీ తప్పనిసరైంది. ఇన్నేళ్లలో కారు మొత్తం మారిపోయింది గానీ, బానెట్ కింద ఉన్న ఆ డబ్బాలోని రసాయనం మాత్రం ప్లాంటే నాటిదే. ఆరు గదులు, ఒక్కో గది 2.1 వోల్టులు, కలిపితే 12.6.

ప్రతి గదిలో రెండు రకాల పలకలు. పాజిటివ్ పలక మీద గోధుమరంగు లెడ్ డయాక్సైడ్, నెగెటివ్ పలక మీద బూడిదరంగు మెత్తటి సీసం, మధ్యలో నీళ్లు కలిపిన ఆసిడ్. కరెంటు వాడుకునేకొద్దీ రెండు పలకలూ లెడ్ సల్ఫేట్‌గా మారుతూ పోతాయి. ఆసిడ్‌లోని సల్ఫేటు పలకల మీదికి చేరడంతో ద్రవం పల్చబడి నీళ్లకు దగ్గరవుతుంది. ట్రాక్టరు బ్యాటరీకి మూతలు తీసి హైడ్రోమీటరు ముంచితే ఇది కంటికి కనబడుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఆసిడ్ సాంద్రత 1.28 దగ్గర ఉంటుంది, పూర్తిగా దిగిపోతే 1.12కు వస్తుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి నడుస్తుంది. సల్ఫేట్ మళ్లీ సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారి, ఆసిడ్ చిక్కబడుతుంది.

వెనక్కి నడవాలంటే సల్ఫేట్ సన్నటి పొడిగా ఉండాలి. కొత్తగా ఏర్పడినప్పుడు అది అట్లాగే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ చిన్న స్ఫటికాలు ఆసిడ్‌లో కరిగి పెద్ద స్ఫటికాల మీద పేరుకుంటాయి. పంచదార పాలలో క్షణంలో కరుగుతుంది, పటికబెల్లం ముక్క గంట తర్వాత కూడా గ్లాసు అడుగునే ఉంటుంది. పదార్థం అదే అయినా ద్రవానికి తగిలే ఉపరితలం తగ్గిపోవడమే తేడా. పలకల మీద సల్ఫేట్ అట్లా గట్టిపడ్డాక చార్జరు పెట్టినా అందులో చాలా భాగం కదలదు. ఆ మేరకు పలక శాశ్వతంగా పోయినట్టే. మెకానిక్కులు "బ్యాటరీ సల్ఫేట్ పట్టింది" అనేది దీన్నే. 12.4 వోల్టుల కన్నా కింద వారాల తరబడి పడి ఉన్న ప్రతి బ్యాటరీలోనూ ఇది జరుగుతుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీని రెండో రోజే చార్జ్ చేస్తే దాదాపు నష్టం లేదు. రెండు నెలల తర్వాత చేస్తే అది పాత మనిషి కాదు.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కూడా సీసపు బ్యాటరీయే కదా, కరెంటు పోయిన ప్రతిసారీ సగానికి సగం దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కారు బ్యాటరీకి ఏమొచ్చింది? రెండిటి పలకలు వేరు. ఇన్వర్టర్‌లో ఎక్కువగా వాడే ట్యూబులర్ బ్యాటరీలో పలకలు దళసరిగా ఉంటాయి, నెమ్మదిగా, లోతుగా దిగడానికి చేసినవి. కారు బ్యాటరీలో పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. రెండు సెకన్లపాటు వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వడం కోసం అట్లా చేస్తారు. అందుకే అది లోతుగా దిగిపోవడాన్ని తట్టుకోలేదు. పూర్తిగా దించి ఎక్కించడం కొన్నిసార్లు జరిగినా దాని ఆయుష్షు బాగా తగ్గిపోతుంది.

టక్ టక్ చప్పుడుకు కూడా కారణం ఇక్కడే ఉంది. దిగిపోయిన బ్యాటరీలో స్టార్ట్ చేయడానికి సరిపోయే విద్యుత్తు మిగిలే ఉండొచ్చు. కానీ పలకలు సల్ఫేట్ పట్టి, ఆసిడ్ పల్చబడి, లోపలి నిరోధం పెరిగిపోతుంది. తాళం తిప్పగానే స్టార్టర్ మీది సొలెనాయిడ్ లాక్కుంటుంది, మోటారుకు దారి తెరుచుకుంటుంది. మోటారు 150 ఆంపియర్లు అడిగేసరికి ఆ నిరోధం వల్ల వోల్టేజి ఒక్కసారిగా ఏడెనిమిదికి కుప్పకూలుతుంది. అంత తక్కువలో సొలెనాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే మోటారు బరువు పోయి వోల్టేజి మళ్లీ లేస్తుంది. మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదులుతుంది. అదే టక్ టక్ టక్. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగుందని అనుకోవడం అందుకే పొరపాటు. లైట్లకు ఒకటి రెండు ఆంపియర్లు చాలు.

చిత్తూరు జిల్లా ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. ఏ వైరూ తగిలించకుండా అల్మారాలో పెట్టిన బ్యాటరీ కూడా తనంతట తాను కాస్త కాస్త దిగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఆ తరుగు నెలకు మూడు నుంచి ఐదు శాతం. వేడి ప్రతి 10 డిగ్రీలకూ దాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. 45 డిగ్రీల షెడ్డులో నాలుగు రెట్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది నెలకు ఐదారు ఆంపియర్ అవర్లు. పైన లెక్కేసిన కారు సొంత ఖర్చు నెలకు సుమారు 22. అంటే వేడి వల్ల అయ్యే తరుగు కన్నా వైర్ల ద్వారా పోయేదే చాలా ఎక్కువ. వేడి చేసే అసలు చెరుపు వేరే ఉంది. లోపలి సీసపు జాలీల్ని తుప్పు పట్టిస్తుంది, నీటిని ఆవిరి చేస్తుంది. రాయలసీమలో బ్యాటరీ ఎండాకాలంలో దెబ్బతిని, మంచు కురిసే మార్గశిర పుష్యమాసపు పొద్దున బయటపడుతుంది. చల్లబడిన ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, రసాయన చర్య మందగిస్తుంది, అప్పటిదాకా ఎట్లాగో నెట్టుకొచ్చిన బ్యాటరీ ఆ రోజు చేతులెత్తేస్తుంది. చికాగో, మినియాపొలిస్ వైపు ఉండే మనవాళ్లు డిసెంబరులో కారును నెలపాటు వదిలి ఊరికొస్తే వాళ్లకు ఇదే ఇంకా కఠినంగా ఎదురవుతుంది. సున్నాకు 18 డిగ్రీల కింద బ్యాటరీ ఇవ్వగల శక్తి సగానికి పడిపోతుంది. దిగిపోయిన బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్లే కాబట్టి అది గడ్డకట్టి డబ్బా పగిలే ప్రమాదం కూడా ఉంది. నిండు బ్యాటరీలోని చిక్కటి ఆసిడ్ ఆ చలికి గడ్డకట్టదు.

ఈ ప్రాంతానికి బ్యాటరీతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. ఐరాలకు పక్కనే ఉన్న పూతలపట్టు మండలంలోని పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చి 1985లో అమరరాజా బ్యాటరీస్‌ను స్థాపించారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో పరిశ్రమ మొదలైంది. మొదట్లో టెలిఫోన్, రైల్వే, విద్యుత్ సంస్థలకు వాడే పారిశ్రామిక బ్యాటరీలే చేసేవారు. కార్లకు ఆమరాన్ పేరుతో బ్యాటరీలు 2000లో వచ్చాయి. తర్వాత చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లెలోనూ పెద్ద కర్మాగారాలు వెలిశాయి. 2023లో సంస్థ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. మన జిల్లాలో ఎంతోమంది ఇంట్లో ఒకరికి ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం ఉంది. బ్యాటరీల గురించి ఇంత తెలిసిన గడ్డ మీద నిలబెట్టిన బండ్ల బ్యాటరీలు అకాలంగా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇప్పటి బ్యాటరీల్లో జాలీలకు పాతరోజుల్లోలా ఆంటిమొనీ ఎక్కువ కలపకుండా కాల్షియం కలుపుతున్నారు. అందువల్ల తమంతట తాము దిగడం, నీళ్లు తగ్గడం రెండూ బాగా తగ్గాయి. కారుకు తగిలించి వదిలేస్తే మాత్రం ఆ మేలుకు విలువ లేకుండా పోతుంది.

"రోజూ పొద్దున పది నిమిషాలు స్టార్ట్ చేసి పెడతాండాం కదా" అనేవాళ్లు ఐరాలలోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మంచి ఉద్దేశమే. ఫలితం మాత్రం బండిని బట్టి ఉంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో కొంతే ఇస్తుంది. ఆ కొంతలోనే ఏసీ, ఫ్యాను, లైట్లు వాటా తీసుకుంటాయి. కొత్త బ్యాటరీ అయితే మిగిలింది చురుగ్గా తీసుకుంటుంది, సల్ఫేట్ పట్టినది తీసుకోదు. బ్యాటరీ నిండేకొద్దీ అది తీసుకునే వేగం కూడా తగ్గుతుంది. చివరి ఐదో వంతు నిండడానికి గంటలు పడుతుంది. పైగా అంత తక్కువసేపు ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, సైలెన్సరులో తేమ చేరుతుంది, పెట్రోలు కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆ వాయువుకు వాసన ఉండదు, మనిషి గమనించేలోపే స్పృహ పోతుంది. ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

దానికి బదులు వారానికి ఒకసారి బండిని రోడ్డు మీదికి తీయడం మేలు. వారంలో పోయేది సుమారు 5 ఆంపియర్ అవర్లు. రోడ్డు మీద మామూలు వేగంతో వెళ్తుంటే బ్యాటరీకి సగటున 8, 10 ఆంపియర్లు చేరినా ముప్పావు గంటలో ఆ లోటు తీరుతుంది. ఐరాల నుంచి కాణిపాకం మీదుగా చిత్తూరు వెళ్లి సరుకులు తెచ్చుకుంటే సరిపోతుంది. టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు, బ్రేకులు పట్టేయవు, బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టవు. ఊళ్లో అమ్మానాన్నలకు డ్రైవింగ్ రాకపోతే, నమ్మకమైన కుర్రాడికి వారానికి ఒక పూట ఈ పని అప్పజెప్పడం కొత్త బ్యాటరీ కొనడం కన్నా చౌక.

అది కుదరనప్పుడు ఎర్త్ వైరు తీసేయడమే అన్నిటికన్నా చవకైన ఉపాయం. నెగెటివ్ టెర్మినల్ నట్టును 10 నంబరు స్పానరుతో వదులు చేసి పక్కకు పెడితే కారు లాగడం పూర్తిగా ఆగిపోతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ అట్లా రెండు మూడు నెలలు ధైర్యంగా ఉంటుంది. ముందు నెగెటివే తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు నెగెటివే చివర పెట్టాలి. పాజిటివ్ ముందు తీస్తుంటే స్పానరు కారు బాడీకి తగిలితే వందల ఆంపియర్ల నిప్పురవ్వలు లేస్తాయి. నెగెటివ్ అప్పటికే బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని తీసేటప్పుడు ఆ భయం లేదు. తీశాక గడియారం తప్పుతుంది, కొన్ని కార్లలో స్టీరియో కోడ్ అడుగుతుంది, కిటికీ అద్దాల ఆటో సెట్టింగు మళ్లీ నేర్పాలి. డిక్కీ ఎలక్ట్రిక్ లాక్ అయితే దాన్ని మూసేముందు డ్రైవరు తలుపు మామూలు తాళంతో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. ట్రాక్టర్లకు, లారీలకు పెట్టే బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్చిని కారుకు కూడా పెట్టించుకోవచ్చు, స్పానరు అవసరం కూడా ఉండదు.

కరెంటు అందుబాటులో ఉంటే, నిండగానే తనంతట తాను తగ్గిపోయే ఆటోమేటిక్ చార్జరు మంచిది. మామూలు పాత చార్జరుతో అయితే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 3, 4 ఆంపియర్ల మీద రాత్రంతా పెట్టడం పద్ధతి. తొందరపడి పెద్ద కరెంటు ఎక్కిస్తే పలకలు వేడెక్కి పూత రాలిపోతుంది. మన జిల్లాకు ఇంకో వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాస్తుంది. షెడ్డు పైన 10 వాట్ల చిన్న సోలార్ పలక పెట్టి, మధ్యలో చార్జ్ కంట్రోలరు వేసి, వైరు బ్యాటరీకి తెస్తే రోజుకు రెండు మూడు ఆంపియర్ అవర్లు వస్తాయి. కారు ఖర్చు 0.72 మాత్రమే కాబట్టి, మబ్బు పట్టిన రోజుల్లో కూడా లోటు ఉండదు. కంట్రోలరు లేకుండా నేరుగా తగిలిస్తే మాత్రం బ్యాటరీ ఎక్కువ చార్జింగై నీళ్లు ఇంకిపోతాయి.

లీకేజీ ఎక్కడుందో పట్టుకోవడం కొంచెం ఓపికతో చేసుకునే పని. బానెట్ తెరిచి, తలుపులు మూసి, తాళం తీసి, బండిని లాక్ చేయండి. ఎర్త్ వైరు తీసి, మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది తీసిన ఎర్త్ వైరుకు తగిలించండి. మొదట అంకె పెద్దగా కనబడుతుంది, కంగారుపడొద్దు. కారులోని కంప్యూటర్లు మగతలోకి జారడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అప్పటికి 0.05 ఆంపియర్ల కన్నా తక్కువకు దిగితే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. దిగకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకి చూడాలి. ఏ ఫ్యూజు పీకినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. మీటరు తగిలించి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది. ఇంత పని వద్దనుకుంటే కనీసం వారానికోసారి ఉదయాన్నే, బండి స్టార్ట్ చేయకముందు, వోల్టేజి చూసుకోండి. 12.6 ఉంటే నిండు. 12.4 దగ్గర నాలుగో వంతు పోయినట్టు. 12.2 అంటే సగమే, ఆ రోజే చార్జింగ్ పెట్టాలి. 12కు దిగితే పావు వంతే మిగిలింది. ఇంజిన్ నడిచేటప్పుడు అదే మీటరు 13.8, 14.4 మధ్య చూపిస్తే ఆల్టర్నేటరు సరిగా ఉన్నట్టు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు కోట్ల బండ్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. కార్ల కంపెనీలు బ్యాటరీ ఎట్లా కాపాడుకోవాలో యజమానులకు సూచనలు పంపాయి. సడలింపులు వచ్చాక బ్యాటరీ షాపుల ముందు క్యూలు కట్టినవాళ్లలో చాలామందికి బ్యాటరీ నిలబెట్టినందుకే పోయిందని అప్పుడే తెలిసింది.

సెల్ఫ్ ఎత్తుకోకపోతే పక్కబండితో జంపర్ కేబుల్ వేయడం అందరికీ తెలిసిందే, వరుస మాత్రం తప్పుతుంటారు. ఎర్ర కేబుల్ ఒక కొస చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస చచ్చిన బండి ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి. ఆ చివరి కొసను బ్యాటరీకే పెడితే అక్కడ లేచే నిప్పురవ్వ బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు అంటుకోవచ్చు. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్ల బండికే పనికొస్తుంది, ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్ట్ కాదు. మాన్యువల్ అయినా ఇప్పటి బండ్లలో పెట్రోలు పంపు, కంప్యూటర్ రెండూ కరెంటు మీదే నడుస్తాయి కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం లేదు. స్టార్ట్ అయ్యాక అరగంట తిప్పి ఇంటికి తెచ్చి ఆపేస్తే కథ ముగియదు. ఆ రాత్రే చార్జరు పెట్టాలి. లోతుగా దిగిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటరు మీద వేస్తే అది కూడా వేడెక్కి పాడవుతుంది.

మామిడి తోటల్లోని ట్రాక్టర్లకు ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. తోతాపురి కాయలు పల్ప్ ఫ్యాక్టరీలకు తోలే కాలంలో పగలూ రాత్రీ తిరిగే ట్రాక్టరు, సీజను అయ్యాక నెలల తరబడి నిలిచిపోతుంది. దాని బ్యాటరీకి చాలావరకు మూతలుంటాయి, నీళ్లు పోసుకోవచ్చు. పలకలు గాలికి తేలితే ఆ తేలిన భాగం ఎండి పనికిరాకుండా పోతుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అందులోని క్లోరైడ్లు, ఇనుము పలకల మీద చేరితే బ్యాటరీ తనంతట తాను దిగడం పెరుగుతుంది. ఇంట్లో ఫిల్టరు నీళ్లు తియ్యగా ఉన్నాయని పోసినా అవి డిస్టిల్డ్ వాటరుతో సమానం కావు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఈ గొడవ తమకు లేదనుకుంటారు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో కూడా పెద్ద లిథియం బ్యాటరీతోపాటు ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తలుపులు తెరవడం, కంప్యూటర్లను లేపడం, పెద్ద బ్యాటరీకి దారి వదలడం దాని పని. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. కొన్ని మోడళ్లు పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని అప్పుడప్పుడూ నింపుకుంటాయి, అన్నీ చేయవు. నెలరోజులు ఊరెళ్లేముందు కారుతో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ చదువుకోవడం అవసరం.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు డబ్బా మీద తయారీ నెల చూడండి. షాపు అల్మారాలో ఆరు నెలలు కూర్చున్న బ్యాటరీ అప్పటికే కొంత దిగి ఉంటుంది, మీ ముందే వోల్టేజి చూపించి, 12.6 లేకపోతే చార్జ్ చేసి ఇమ్మనండి. పాతదాన్ని మాత్రం గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే ఇనుము కొట్టు మనిషికి ఇవ్వొద్దు. ఒక చిన్న కారు బ్యాటరీలో కిలోల కొద్దీ సీసం ఉంటుంది. దాన్ని రాయితో పగలగొట్టి ఆసిడ్‌ను కాలువలో ఒంపి, సీసాన్ని బొగ్గుల మీద కరిగించే చోట ఆ పొగ, మట్టి పిల్లల మెదడును దెబ్బతీస్తాయి. 2001 నుంచీ పాత సీసపు బ్యాటరీల సేకరణకు దేశంలో నిబంధనలున్నాయి. వాటి స్థానంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అమ్మిన కంపెనీల మీదే వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత పెట్టాయి. పాతది తెచ్చిచ్చినవాళ్లకు షాపువాళ్లు కొత్తదాని ధరలో తగ్గిస్తారు. తీసుకెళ్లేటప్పుడు డబ్బాను పడుకోబెట్టకుండా నిటారుగా, టెర్మినళ్లు ఒకదానికొకటి తగలకుండా గుడ్డో అట్టముక్కో అడ్డం పెట్టి తీసుకెళ్లండి.